షాపులు అవే, అద్దెలు అవే. మరి ఈ అప్పు ఎక్కడిది?

మీరు అడిగింది ఇది: ఒక పెద్ద రిటైల్ కంపెనీ 2018-19, 2019-20 వార్షిక నివేదికలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే అద్దె ఖర్చు ఒక్కసారిగా పడిపోయింది, అప్పు అమాంతం పెరిగింది, లాభం కాస్త తగ్గింది. షాపులేమో అవే. ఎవరినడిగినా "అకౌంటింగ్ స్టాండర్డ్ మారింది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. ఇది లెక్కల గారడీయా అని మీ అనుమానం.

గారడీ కాదండీ. ఆ ఏడాదంతా నేను చెన్నైలో అలాంటి ఒక రిటైల్ కంపెనీ ఫైనాన్స్ విభాగంలో పనిచేశాను. ఈ మార్పు మా చేతుల మీదుగా జరిగింది కాబట్టి, లోపలి నుంచి చూసింది చెబుతాను.

ఆ స్టాండర్డ్ పేరు ఇండ్ ఏఎస్ 116, అంటే మన దేశపు అకౌంటింగ్ స్టాండర్డ్‌లలో (ఇండ్ ఏఎస్) లీజులకు సంబంధించినది. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2019 మార్చి 30న నోటిఫై చేసింది, ఏప్రిల్ 1 నుంచే అమలు. దానికి మూలమైన అంతర్జాతీయ స్టాండర్డ్ ఐఎఫ్ఆర్ఎస్ 16 2016 జనవరిలోనే వచ్చేసింది కాబట్టి ఏం రాబోతోందో ముందే తెలుసు. మేము 2018 దీపావళి హడావిడి తగ్గగానే పని మొదలుపెట్టాం. అయినా సరిపోలేదు.

అంతకుముందు పద్ధతి ఏమిటంటే, షాపు అద్దెకు తీసుకుంటే నెలనెలా కట్టే అద్దెను ఖర్చు రాసుకునేవాళ్లం, అంతే. పదేళ్లకు అగ్రిమెంటు రాసుకున్నా ఆ పదేళ్ల బాధ్యత బ్యాలెన్స్ షీట్లో ఎక్కడా కనిపించేది కాదు, వెనకాల నోట్సులో ఒక చిన్న పట్టికగా ఉండేది. కొత్త స్టాండర్డ్ ప్రకారం, ముందు ముందు కట్టాల్సిన అద్దెలన్నీ నేటి విలువకు తెచ్చి (అంటే ఒక వడ్డీ రేటు ప్రకారం తగ్గించి, ఈరోజు లెక్కలో ఎంతో కట్టి) అప్పుగా చూపించాలి. ఆ షాపు వాడుకునే హక్కును ఆస్తిగా చూపించాలి. అద్దె అనే ఖర్చు పోయి, ఆ హక్కు మీద తరుగుదల (ఆస్తి విలువలో ఏటా కొంత భాగాన్ని ఖర్చుగా రాయడం), ఆ అప్పు మీద వడ్డీ వస్తాయి.

ఒక షాపు తీసుకుందాం. ఏడాదికి 12 లక్షల అద్దె, ఐదేళ్లు, సంవత్సరం చివర కడతాం, వడ్డీ రేటు 10 శాతం. నేటి విలువ 45.49 లక్షలు. అదే అప్పు, అదే ఆస్తి. మొదటి ఏడాది తరుగుదల 9.10 లక్షలు, వడ్డీ 4.55 లక్షలు, మొత్తం 13.65 లక్షలు. పాత పద్ధతిలో అయితే 12 లక్షలే. ఐదో ఏడాదికి వచ్చేసరికి వడ్డీ 1.09 లక్షలకు దిగుతుంది, మొత్తం ఖర్చు 10.19 లక్షలే. ఐదేళ్లూ కలిపితే రెండు పద్ధతుల్లోనూ 60 లక్షలే, పైసా తేడా లేదు. మీరు చూసిన కంపెనీ లీజులు చాలావరకు ఈమధ్య తీసుకున్నవే అయి ఉంటాయి. కొత్త లీజులు ఎక్కువున్న చోట మొదటేడాది భారం ఎక్కువ, అందుకే లాభం తగ్గింది. ఎబిట్‌డా (వడ్డీ, పన్ను, తరుగుదల తీసేయకముందు లాభం) మాత్రం పెరుగుతుంది, ఎందుకంటే అందులోంచి తీసేయాల్సిన అద్దె ఇప్పుడు వడ్డీ, తరుగుదలల్లోకి వెళ్లిపోయింది. "ఎబిట్‌డా బ్రహ్మాండంగా పెరిగింది" అని ఆ ఏడాది ఎవరైనా రాస్తే, అందులో ఎంత వ్యాపారం వల్ల, ఎంత స్టాండర్డ్ వల్ల అని తప్పకుండా అడగాలి.

లెక్క ఇంతే. ఎక్సెల్‌లో అరగంట పని. అసలు కష్టం అగ్రిమెంట్లు చదవడంలో ఉంది.

గిండీలో మా హెడ్డాఫీసు మూడో అంతస్తులో రెండు స్టీలు బీరువాల నిండా లీజు అగ్రిమెంట్లు ఉండేవి. స్టాంపు పేపర్ల మీద కొన్ని ఇంగ్లీషులో, పాతవి చాలావరకు తమిళంలో. నేను నెల్లూరు జిల్లా నుంచి వచ్చినదాన్ని, తమిళం మాట్లాడతాను గానీ చేతిరాత కూడబలుక్కుని చదవాలి. పక్క సీటు తమిళమ్మాయి పైకి చదువుతుంటే నేను కంప్యూటర్లోకి ఎక్కించేదాన్ని. పురసవాక్కంలో ఒక షాపు అగ్రిమెంటు ఇప్పటికీ కళ్లముందుంది. ఐదేళ్ల లీజు అని మా ప్రాపర్టీ విభాగం జాబితాలో రాసుంది. చివరి పేజీలో సంతకాల పైన పెన్నుతో ఒక వాక్యం చేర్చి, ఇద్దరూ పక్కన పొడి సంతకాలు పెట్టారు: అద్దెకుండేవాళ్లు కోరుకుంటే 15 శాతం పెంపుతో ఇంకో ఐదేళ్లు ఉండొచ్చు. ఆ వాక్యం సంగతి ఆఫీసులో ఎవరికీ గుర్తు లేదు.

ఇప్పుడు ప్రశ్న, లీజు ఐదేళ్లా పదేళ్లా? గడువు పొడిగించుకునే హక్కు ఉండి, దాన్ని వాడుకుంటామని దాదాపు ఖాయంగా చెప్పగలిగితే ఆ కాలాన్ని కూడా కలపాలని స్టాండర్డ్ చెబుతుంది. ప్రాపర్టీ మేనేజరును అడిగితే, "అక్కడి నుంచి ఎందుకు కదులుతాం మేడమ్, పండగ సేల్ మొత్తం ఆ వీధిలోనే కదా, లోపల ఇంటీరియర్ కూడా మొన్ననే చేయించాం" అన్నారు. ఆ మాటతో పదేళ్లు అయింది. నేను పైన చెప్పిన అంకెలతోనే చూస్తే 45.49 లక్షల అప్పు దాదాపు 78 లక్షలవుతుంది. పెన్నుతో రాసిన ఒక్క వాక్యం వల్ల! ఇలాంటివి వందల షాపులున్న కంపెనీలో ఎన్ని ఉంటాయో ఊహించుకోండి.

పదకొండు నెలల అగ్రిమెంట్లు ఇంకో తలనొప్పి. రిజిస్ట్రేషన్ అవసరం లేకుండా మన దేశంలో అందరూ పదకొండు నెలలకే రాసుకుంటారు కదా. పన్నెండు నెలలు, అంతకన్నా తక్కువ లీజులకు స్టాండర్డ్‌లో మినహాయింపు ఉంది. మాకు ఒక గోడౌను ఎనిమిదేళ్లుగా పదకొండేసి నెలల చొప్పునే నడుస్తోంది. దాన్ని స్వల్పకాలిక లీజు అందామా? మేము అందామన్నాం, ఆడిటర్లు వద్దన్నారు. ఆ వాదన నడుస్తుండగానే 2019 నవంబరులో అంతర్జాతీయ వ్యాఖ్యాన కమిటీ ఒక నిర్ణయం ఇచ్చింది. ఖాళీ చేస్తే కట్టాలని ఒప్పందంలో రాసిన జరిమానా ఒక్కటే చూస్తే చాలదు, ఖాళీ చేస్తే ఆర్థికంగా ఎంత నష్టమో మొత్తంగా చూడాలంది. మేము దిగొచ్చాం. ఆడిటర్లదే సరైన మాట అని ఇప్పుడు నమ్ముతున్నాను.

చెన్నైలో పది నెలల అద్దె అడ్వాన్సు ఇచ్చే అలవాటు కూడా ఈ లెక్కలోకి వస్తుంది. నెలకు లక్ష చొప్పున పది లక్షలు వడ్డీ లేకుండా ఐదేళ్లు ఓనరు దగ్గరుంటే, 10 శాతం చొప్పున దాని నేటి విలువ 6.21 లక్షలే. మిగతా 3.79 లక్షలు నిజానికి ముందే కట్టేసిన అద్దె. అది వాడుకునే హక్కులో కలుస్తుంది.

మా వల్ల ఒక పొరపాటు కూడా జరిగింది. షాపు మన చేతికి వచ్చిన రోజు నుంచి లీజు మొదలైనట్టు లెక్క, అద్దె మొదలైన రోజు నుంచి కాదు. ఇంటీరియర్ పనులకని ఓనర్లు రెండు మూడు నెలలు అద్దె లేకుండా ఇస్తారు. జూన్ త్రైమాసికంలో కొత్త షాపులకు నేను అద్దె మొదలయ్యే తేదీలు వేశాను. ఫలితాలు బోర్డు ముందుకు వెళ్లడానికి నాలుగు రోజుల ముందు ఆడిటర్ పట్టుకున్నారు. ఆ నాలుగు రాత్రులు తాళం చేతికిచ్చిన లెటర్లు వెతికి తేదీలన్నీ సరిచేశాం.

నగదు మారనప్పుడు ఇంత గొడవెందుకని మీరు అనుకోవచ్చు. బ్యాంకు లోను ఒప్పందంలో అప్పు, ఎబిట్‌డా నిష్పత్తి ఇంత దాటకూడదని షరతు ఉంటుంది. అందులో "అమల్లో ఉన్న స్టాండర్డ్ ప్రకారం" అని రాసుంటే, ఒక్క రూపాయి కొత్త అప్పు చేయకుండానే షరతు దాటిపోవచ్చు. మేము ముందే వెళ్లి, ఈ నిష్పత్తులు పాత పద్ధతిలోనే లెక్కించాలని బ్యాంకు నుంచి లెటర్ రాయించుకున్నాం. ఎబిట్‌డాకు ముడిపెట్టిన బోనస్ లక్ష్యాలూ మార్చాల్సి వచ్చింది.

ఇలా అంకెలు తడబడటం అదే మొదటిసారి కాదు. 2016 ఏప్రిల్ నుంచి 500 కోట్లు, ఆపైన నెట్‌వర్త్ (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది) ఉన్న కంపెనీలకు ఇండ్ ఏఎస్ తప్పనిసరి అయింది. అప్పుడు నేను చెన్నై శివార్లలో ఒరగడం వైపు ఒక విడిభాగాల కంపెనీలో ఉన్నాను. ఎక్సైజు సుంకాన్ని అమ్మకాల్లో కలిపి చూపించాల్సి వచ్చింది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక ఆ పన్ను అమ్మకాల్లో కలవడం మానేసింది. మా బాబాయి గూడూరు నుంచి ఫోన్ చేసి, "ఏమ్మా, మీ కంపెనీ అమ్మకాలు పడిపోయాయంట, ఉద్యోగానికేం ఢోకా లేదుగా" అన్నాడు. ఆ ఏడాది సరుకు నిజానికి ఎక్కువే అమ్మాం.

2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు స్టాండర్డే కొంచెం వంగింది. చాలామంది ఓనర్లు ఒకటి రెండు నెలల అద్దె వదిలేశారు, కొందరు వాట్సాప్‌లో ఒక్క లైను రాసి. రూల్ ప్రకారం ప్రతి తగ్గింపునూ లీజులో మార్పుగా చూసి, ప్రతి షాపుకూ మళ్లీ మొదటి నుంచి లెక్క కట్టాలి. జులై 24న వచ్చిన సవరణ ఆ అవసరం లేకుండా చేసింది. ఇంట్లోంచి పనిచేస్తున్న మాకు అది ఎంత ఊరటో మాటల్లో చెప్పలేను.

ఇక మీ నివేదికల విషయం. చాలా కంపెనీలు పాత సంవత్సరం అంకెల్ని కొత్త పద్ధతిలోకి మార్చకుండా, 2019 ఏప్రిల్ 1 నుంచి మాత్రమే అమలు చేసే వెసులుబాటు వాడుకున్నాయి. మీ కంపెనీ కూడా అదే చేసుంటే మీరు పక్కపక్కన పెట్టిన రెండు నిలువు వరసలూ రెండు వేర్వేరు భాషలు, తిన్నగా పోల్చకండి. 2019-20 నివేదికలో లీజుల నోటుకు వెళ్లండి. 2019 మార్చి 31 నాటి లీజు బాధ్యతలకూ ఏప్రిల్ 1న పుట్టిన అప్పుకూ తేడా ఎందుకొచ్చిందో, ఏ వడ్డీ రేటు వాడారో అక్కడ ఉంటుంది. మాల్స్‌లో అమ్మకాల శాతంగా కట్టే అద్దె ఈ అప్పులోకి రాదు, అది ఎంతో విడిగా చూడండి. నగదు ప్రవాహ పట్టికలో కూడా జాగ్రత్త. ఆపరేటింగ్ కింద ఉండే అద్దె ఫైనాన్సింగ్ కిందకు మారింది కాబట్టి ఆపరేటింగ్ నగదు పెరిగినట్టు కనిపిస్తుంది.

ఆ వడ్డీ రేటు, లీజు కాలం గురించి కంపెనీ రాసుకున్న రెండు మూడు వాక్యాలు ఇక్కడ పెట్టండి. అప్పు అంత ఎందుకు పెరిగిందో వాటిని బట్టి చెప్పొచ్చు.