ఆఫ్రికాలో హెచ్‌ఐవి పరిశోధన కేంద్రానికి వాలంటీరుగా పంపమంటారా?

నరసరావుపేట నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది: “మా అమ్మాయి ఫార్మ్‌డీ అయిదో సంవత్సరం చదువుతోంది. కెన్యాలో కిసుము అనే ఊళ్ళో హెచ్‌ఐవి పరిశోధన జరిగే చోట ఆరు వారాలు వాలంటీరుగా పెడతామని ఒక ఏజెన్సీ వారు అంటున్నారు. విమానం ఛార్జీలు కాక మూడున్నర లక్షలు కట్టాలట. ఆ సర్టిఫికెట్ ఉంటే విదేశాల్లో ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) సీటు సులువుగా వస్తుందట. పంపమంటారా, ఇక్కడే ఏదైనా చేయించమంటారా? రెండూ పోల్చి చెప్పండి. ఆ రోగుల మధ్య తిరిగితే పిల్లకు ఏమీ కాదు కదా? రేపు సంబంధాలు చూసేటప్పుడు ఈ సంగతి తెలిస్తే ఏమనుకుంటారోనని కూడా దిగులుగా ఉంది.”

అమ్మా, ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి. కిసుము బదులు ఒకరు లుసాకా అంటారు, ఇంకొకరు కంపాలా అంటారు, కానీ చివరి రెండు వాక్యాలు మాత్రం ఎవరి ఉత్తరంలోనూ మారవు. అసలు ప్రశ్న అదే కాబట్టి, పోలిక సంగతి తర్వాత చూద్దాం.

పక్కన కూర్చున్నందుకు, చేయి కలిపినందుకు, ఒకే కంచంలో తిన్నందుకు హెచ్‌ఐవి సోకదని మీకూ తెలుసు. అయినా మనసు ఒప్పుకోవడం లేదు, అంతే. ఆ మనసుకు చెప్పదగిన మాట ఒకటి ఉంది. దంపతుల్లో ఒకరికి హెచ్‌ఐవి ఉండి, రెండోవారికి లేని 1,763 జంటలను తొమ్మిది దేశాల్లో పరిశీలించారు. సోకినవారికి తొందరగా మందులు మొదలుపెడితే, వారి నుంచి భాగస్వామికి సోకే ప్రమాదం 96 శాతం తగ్గిందని 2011లో తేలింది. కాపురం చేసేవారి సంగతే ఇదైతే, ఒక గదిలో కూర్చుని కాగితాలు సరిచూసే పిల్ల సంగతి మీరే ఊహించుకోండి. అన్నట్టు, ఆ తొమ్మిది దేశాల్లో మనదీ ఒకటి. పరిశోధన జరిగిన ఊళ్ళలో చెన్నై, పుణె ఉన్నాయి.

ఇక సూది గుచ్చుకోవడం గురించి. హెచ్‌ఐవి ఉన్నవారి రక్తం అంటిన సూది గుచ్చుకున్నా, సోకే అవకాశం సుమారు వెయ్యిలో మూడు. వీలైనంత త్వరగా, ఆలస్యమైనా 72 గంటల లోపే మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే అదీ చాలావరకు తప్పిపోతుంది. పైగా, వాలంటీరుగా వచ్చిన విద్యార్థి చేతికి సూది ఇచ్చే కేంద్రం అసలు మంచి కేంద్రమే కాదు. కిసుములో మీరు నిజంగా భయపడవలసింది దోమకు. ఆ ఊరు విక్టోరియా సరస్సు ఒడ్డున ఉంది, మలేరియా ఎక్కువ. రాకుండా మాత్రలు వాడాలి. ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఆ కార్డు లేకుండా కెన్యా నుంచి తిరిగివస్తే మన విమానాశ్రయంలోనే ఆపి విడిగా ఉంచుతారు. మీ ఉత్తరంలో దోమ ఊసే లేదు.

సంబంధాల విషయంలో కాస్త కటువుగా చెబుతాను, ఏమీ అనుకోకండి. హెచ్‌ఐవి మందుల మీద పరీక్ష రాసి మీ అమ్మాయి మంచి మార్కులు తెచ్చుకున్నప్పుడు మీకు సంతోషంగానే ఉండి ఉంటుంది. అవే మందులు వేసుకునే మనిషి ఎదురుగా కూర్చుంటుందనేసరికి అది అప్రతిష్ఠ అయిందా? మీ జిల్లా పెద్దాసుపత్రిలో హెచ్‌ఐవి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ ఏ వైపు ఉందో మీరు ఎప్పుడైనా చూశారా? అక్కడికి వచ్చే ఆడవాళ్ళలో కొందరు మాత్రల సీసా అందుకోగానే గోటితో లేబుల్ గీకేస్తారు. ఇంకొందరు బస్సులో గలగలమనకుండా మాత్రలను కాగితంలో పొట్లం కట్టుకుని, ఖాళీ సీసా అక్కడే వదిలేసి వెళతారు. వాళ్ళు అలా దాచుకోవలసి వస్తున్నది మీ ఉత్తరంలోని ఆ చివరి వాక్యం వల్లనే. మీ అమ్మాయి ఎంచుకుంటున్న వృత్తిలో సగం పని ఆ వాక్యంతో పోరాడటమే కాబట్టి, అది ఇంట్లోంచి మొదలైతే ఆమెకు కష్టంగా ఉంటుంది.

ఇప్పుడు ఏజెన్సీ సంగతి. కిసుము పేరు వట్టిది కాదు. మగవారికి సున్తీ చేస్తే హెచ్‌ఐవి సోకే ప్రమాదం సుమారు సగానికి తగ్గుతుందని 2006లో నిరూపించిన పరిశోధనల్లో ఒకటి ఆ ఊళ్ళోనే, 18 నుంచి 24 ఏళ్ళ మధ్య వయసున్న 2,784 మంది యువకులతో జరిగింది. అంత పేరున్న చోట ఆరు వారాలు ఉండి వచ్చానని చెప్పుకోవాలని ఏ విద్యార్థికైనా ఉంటుంది. నా సందేహమల్లా, డబ్బు కట్టి వెళ్ళిన విద్యార్థి అక్కడ ఏం చేస్తుందన్నదే. పరిశోధనలో చేరేవారితో మాట్లాడటం, అంగీకార పత్రం చదివి వినిపించడం, చదువు రానివారైతే సాక్షిని కూర్చోబెట్టి వేలిముద్ర తీసుకోవడం, ఇవన్నీ లువో భాషో స్వాహిలీయో తెలిసిన స్థానిక సిబ్బంది పనులు. రోగుల వివరాలు గోప్యం కనుక దస్త్రాలు అందరికీ చూపించరు. కెన్యాలో పరిశోధన చేయాలంటే నాకోస్టి అనే జాతీయ సంస్థ అనుమతి, నైతిక సంఘం ఆమోదం కావాలి, వాటిలో పేరు లేని మనిషిని పని దగ్గరికే రానివ్వరు. చివరికి మిగిలేది గోడలకు రంగులు వేయడం, పిల్లలతో ఫొటోలు దిగడం. నా దగ్గరికి వచ్చిన ఒక విద్యార్థి అయిదేళ్ళ క్రితం ఇలాగే వేరే దేశం వెళ్ళి, ఆరు వారాల్లో నాలుగు వారాలు ఒక బడి ప్రహరీకి సున్నం కొట్టి వచ్చాడు. సర్టిఫికెట్ మీద మాత్రం ‘ప్రజారోగ్య పరిశోధన’ అని ఉంది. ఇంటర్వ్యూలో ఆ పరిశోధన ప్రశ్న ఏమిటని అడిగితే అతని దగ్గర సమాధానం లేదు.

భాష అంత పెద్ద అడ్డంకా అని మీ అమ్మాయి అడగవచ్చు. వాయిస్ అనే పరిశోధన గురించి ఆమెను చదవమనండి. దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేలలో 5,029 మంది మహిళలకు హెచ్‌ఐవి సోకకుండా నివారణ మాత్రలో జెల్లో ఇచ్చి రోజూ వాడమన్నారు. వాడుతున్నామని వారు నోటితో చెప్పినదాని ప్రకారం తొంభై శాతం వాడకం ఉంది, మిగిలిన మాత్రలు లెక్కపెట్టినా దాదాపు అంతే తేలింది. రక్తం పరీక్షిస్తే మందు కనిపించింది మూడో వంతు కన్నా తక్కువ నమూనాల్లోనే. ఆ మందు పనిచేయలేదని 2013లో ప్రకటించవలసి వచ్చింది, కానీ అసలు జరిగింది వాడకపోవడమే. ఇంట్లో మాత్రలు కనిపిస్తే భర్త ఏమంటాడో, ఇరుగుపొరుగు ఏమనుకుంటారో అన్న భయాన్ని ఆ మహిళలు ఏళ్ళ తరబడి పరిచయమున్న నర్సులకే చెప్పుకోలేకపోయారు. ఆరు వారాలకు వచ్చిన తెలుగమ్మాయికి ఇంగ్లీషులో చెబుతారా? ఆరు నెలలకొక ఇంజెక్షన్‌గా ఇచ్చే లెనకాపవిర్ అనే నివారణ మందును దక్షిణాఫ్రికా, ఉగాండాలలో పరీక్షించినప్పుడు, అది తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికీ హెచ్‌ఐవి సోకలేదని 2024లో తెలిసింది. రోజూ మాత్ర దాచుకునే బాధ తప్పించడం కూడా అందులో ఒక కారణం. నిజం చెప్పించుకోగలగడమే ఈ రంగంలో అసలు నేర్పు, అది ఎవరికైనా ముందు సొంత భాషలోనే అబ్బుతుంది.

ఇంకొక మాట కూడా ఆలోచించండి. అమెరికా విదేశీ సహాయాన్ని 2025 జనవరిలో నిలిపివేయడంతో ఆఫ్రికాలో ఎన్నో హెచ్‌ఐవి కేంద్రాలు అనుభవమున్న స్థానిక నర్సులను, కౌన్సెలర్లను తీసివేయవలసి వచ్చింది. జీతానికి పనిచేసే మనిషి ఇంటికి పోయిన చోట, ఎదురు డబ్బు కట్టి వచ్చే విద్యార్థి ఏం నేర్చుకుంటుంది, ఎవరి దగ్గర నేర్చుకుంటుంది?

పోల్చి చెప్పమన్నారు కదా, ఇక్కడ చేయగలిగింది ఇదీ. ఆరో సంవత్సరం ఇంటర్న్‌షిప్‌లో కొంతకాలం ప్రభుత్వ ఆసుపత్రి ఏఆర్‌టీ సెంటర్‌లో వేయమని కాలేజీని రాతపూర్వకంగా అడగమనండి. మన దేశంలో సుమారు 25 లక్షల మంది హెచ్‌ఐవితో జీవిస్తున్నారు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎక్కువ కేసులున్న రాష్ట్రాల్లో ఒకటిగా ఉండేది, కాబట్టి చూడటానికి రోగులు లేరన్న మాట రాదు. మాత్రలు మానేసినవారు ఎందుకు మానేశారో తగిన అనుమతులతో యాభై మందిని తెలుగులో అడిగి ఒక చిన్న ప్రాజెక్టు రాస్తే, ఎంపీహెచ్ దరఖాస్తులో ఆ నాలుగు పేజీలకు మూడున్నర లక్షల సర్టిఫికెట్ కన్నా ఎక్కువ విలువ ఉంటుందని నా నమ్మకం. క్లినికల్ పరిశోధన నియమాల కోర్సు ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతుంది. ఆ తర్వాత ఎంపీహెచ్ చదవడానికి హైదరాబాద్‌లో ఐఐపీహెచ్ అనే ప్రజారోగ్య విద్యాసంస్థ ఉంది, సెంట్రల్ యూనివర్సిటీ ఉంది.

ఆఫ్రికాయే కావాలంటే అక్కడికే చదువుకోవడానికి వెళ్ళమనండి. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్, విట్స్, ఉగాండా రాజధాని కంపాలాలోని మకెరెరె విశ్వవిద్యాలయాల్లో ఎంపీహెచ్ ఉంది. విద్యార్థిగా వెళితే పరిశోధన కేంద్రం తలుపు తనంతట తానే తెరుచుకుంటుంది. దూరమని దిగులు పడకండి. 1860 నుంచి కూలీలుగా వెళ్ళిన మనవాళ్ళ సంతతి దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఇప్పటికీ ఉంది, వాళ్ళ ఆంధ్ర మహాసభ 1931 నాటిది. అదే డర్బన్‌లో కాప్రిసా అనే పేరుపొందిన హెచ్‌ఐవి పరిశోధన సంస్థను 2002లో నెలకొల్పినవారిలో ఖురైషా అబ్దుల్ కరీమ్, సలీమ్ అబ్దుల్ కరీమ్ దంపతులు ముఖ్యులు. వారూ భారత సంతతివారే.

ఏజెన్సీకి డబ్బు కట్టే ముందు మీ అమ్మాయి చేత వారికి మూడు ప్రశ్నలు రాయించండి: ఏ పరిశోధనలో పనిచేయాలి, దానికి బాధ్యుడైన శాస్త్రవేత్త ఎవరు, ఏ రకం వీసా మీద పంపుతారు. ఆ శాస్త్రవేత్తకు తనే నేరుగా మెయిల్ పెట్టి, ఈ వాలంటీర్ల సంగతి తెలుసా అని అడగమనండి. జవాబు వస్తే నాకు పంపండి. అయితే ఈసారి ఉత్తరం మీ అమ్మాయినే రాయమనండి, ఆమెకు ఏం కావాలో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.