అంతరిక్షం, సమాజం రెండూ కలిసే కెరీర్ ఉంటుందా?

విజయనగరంలో ఫిజిక్స్ డిగ్రీ చదువుతూ మీరు ఈ ప్రశ్న అడిగారు. ఉంటుంది. భౌతిక శాస్త్రవేత్త యశ్‌పాల్ గారినే చూడండి. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల పరిశోధనతో మొదలుపెట్టి, 1973లో అహ్మదాబాద్ అంతరిక్ష అనువర్తనాల కేంద్రానికి డైరెక్టరయ్యారు. ఆయన నాయకత్వంలో 1975-76లో నాసా ఉపగ్రహం ద్వారా దాదాపు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు అందాయి. రాకెట్ సంగతి అటుంచి, ఊళ్లో టీవీ పాడైతే బాగుచేసేదెవరు, రైతుకు ఏ మాట అర్థమవుతుంది? నన్నడిగితే అసలు సవాలు అక్కడే. యశ్‌పాల్ తర్వాత విశ్వవిద్యాలయాల వ్యవహారాలు చూసే యూజీసీకి ఛైర్మన్‌గా కూడా చేశారు.

ఇక మన శ్రీకాకుళం తీరం సంగతి చూడండి. సముద్రం పైపొర వేడినీ, నీటి రంగునీ ఉపగ్రహాలు చూస్తాయి. దాన్నిబట్టి చేపలు దొరికే చోట్లను హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చెబుతుంది. ఆ కబురు వేటకెళ్లేవాళ్లకు వేళకి, వాళ్ల మాటల్లో చేరవేయడమూ ఈ కెరీరే. ముందు రిమోట్ సెన్సింగ్, అంటే ఉపగ్రహాల్లాంటి వాటితో దూరం నుంచే భూమిని పరిశీలించే విద్య, నేర్చుకోండి.