సిగరెట్ మానేముందు మందులిచ్చే డాక్టరుకు చెప్పు

చిరంజీవి శ్రీనుకు, ఆశీస్సులు.

ఉగాది నుంచి సిగరెట్ మానేయాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మానితే పాత దిగులు మళ్ళీ తిరగబెడుతుందేమోనని భయపడుతున్నావట. ఆ భయం ఉత్తది కాదు. కానీ జాగ్రత్త పడాల్సిన చోటు నువ్వనుకుంటున్నది కాదు.

దమ్ము లాగిన పది, ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. రెండు గంటలయ్యేసరికి రక్తంలో సగానికి పడిపోతుంది. అప్పుడు చిరాకు, గాభరా మొదలవుతాయి, ఏ పనీ తలకెక్కదు. ఇంకోటి వెలిగించగానే అవి సర్దుకుంటాయి కనుక సిగరెట్ టెన్షన్ తగ్గించిందని అనిపిస్తుంది. అది తగ్గించింది తాను తెచ్చిన టెన్షన్‌నే. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 26 పరిశోధనలను కలిపి లెక్క చూశారు. కొన్ని వారాలు గడిచాక, మానినవాళ్ళలో దిగులు, ఆందోళన తగ్గాయి. మానసిక జబ్బు ఉన్నవాళ్ళలోనూ అదే కనిపించింది.

ఇక అసలు సంగతి నీ మాత్రలది. నువ్వు రాత్రిపూట వేసుకునే మానసిక జబ్బు మందు ఒలాంజపిన్‌ను లివర్‌లో ఒక ఎంజైము విరిచేస్తుంది. సిగరెట్ పొగలోని తారు పదార్థాలు ఆ ఎంజైముకు జోరు పెంచుతాయి. ఇన్నాళ్ళూ ఆ జోరు మీదే నీ డోసు కుదిరింది. పొగ ఆగితే వారం లోపే ఆ జోరు తగ్గిపోతుంది, అదే మాత్రతో రక్తంలో మందు పెరుగుతుంది. పగలంతా మగత, లేవగానే కళ్ళు తిరగడం, చేతులు వణకడం దానివల్లే. అలాంటిదే మరో మందు క్లోజపిన్ వాడేవాళ్ళకైతే ఇది ఇంకా ప్రమాదం, ఫిట్స్ కూడా రావచ్చు. ఇది పొగ పని, నికోటిన్ పని కాదు. అందుకే చర్మం మీద అంటించే నికోటిన్ ప్యాచ్ పెట్టుకున్నా ఈ మార్పు ఆగదు. మానే తేదీ ముందే డాక్టరుకు చెప్పు, మానిన మొదటి వారంలో ఒకసారి చూపించుకో. డోసు ఆయన మార్చాలి, నువ్వు సొంతంగా సగం మాత్ర చేసుకోకు. మళ్ళీ కాల్చడం మొదలుపెట్టినా దాచకుండా చెప్పు, అప్పుడు మందు చాలకుండా పోతుంది.

కాఫీ కథా ఇదే. కెఫీన్‌ను విరిచేదీ ఆ ఎంజైమే. సిగరెట్ మానాక అవే నాలుగు కప్పులు దాదాపు రెండింతలుగా పనిచేస్తాయి. గుండె దడ, నిద్ర పట్టకపోవడం చూసి "నా యాంగ్జైటీ తిరగబెట్టింది" అనుకుని చాలామంది పాన్ షాపుకు పరుగెడతారు. మానిన రోజునుంచే కాఫీ, టీ సగానికి దించు. సాయంత్రం తర్వాత వద్దు.

రోజుకు పదిహేను కాలుస్తున్నావు, పొద్దున లేచిన అరగంటలోనే మొదటిది. కాబట్టి పట్టుదల ఒక్కటే నమ్ముకోకు. డాక్టరు సరేనంటే 21 మిల్లీగ్రాముల ప్యాచ్ ఆరు వారాలు, తర్వాత 14ది రెండు వారాలు, 7ది రెండు వారాలు. వెంట్రుకలు లేని చోట, రోజుకో చోట అంటించు. పీడకలలు వస్తే పడుకునేముందు తీసెయ్. ప్యాచ్ ఉన్నా కాల్చాలనిపిస్తే దానిపైన నికోటిన్ గమ్. దీన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమిలితే ఎక్కిళ్ళు, కడుపులో మంట వస్తాయి, మందు వంటికి పట్టదు. ఘాటు తగిలేదాకా నెమ్మదిగా నమిలి, బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకుని ఆగు. ఘాటు పోయాక మళ్ళీ నమలు. అరగంట అలా. ముందు పావుగంట కాఫీ, నిమ్మరసం వద్దు. 2 మిల్లీగ్రాములది మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇస్తారు. నీకు బహుశా 4 కావాలి, దానికి చీటీ రాయించుకో.

సిగరెట్ మానడానికి ఇచ్చే వారెనిక్లిన్ మాత్ర మనసును చెడగొడుతుందని ఎవరైనా అంటే కంగారుపడకు. మానసిక జబ్బు ఉన్నవాళ్ళను కూడా చేర్చుకుని ఎనిమిది వేలమందికి పైగా మీద చేసిన పరీక్ష 2016లో లాన్సెట్‌లో వచ్చింది. ఆ ప్రమాదం చెప్పుకోదగ్గంత పెరగలేదని తేలింది. అయినా నీ డాక్టరు చూపు కింద వాడాల్సిందే. మానడానికే ఇచ్చే ఇంకో మాత్ర బ్యుప్రోపియాన్ ఫిట్స్ ఉన్నవాళ్ళకు పనికిరాదు.

కాల్చాలన్న కోరిక ఒక్కోసారి మూడు నుంచి ఐదు నిమిషాలే ఉంటుంది. ఆ కాసేపూ సోంపు నములు, చన్నీళ్ళు తాగు, మేడ దిగి ఎక్కు. టీ కొట్టు దగ్గర ఆగే అలవాటుంటే మొదటి నెల దారి మార్చు.

మానడానికి వారం ముందునుంచి ఒక నోటుబుక్కులో రోజూ రాత్రి మూడు అంకెలు వేసుకో: పదికి ఎంత దిగులు, ఎంత గాభరా, ఎన్ని గంటల నిద్ర. మానాక రెండో, మూడో రోజు అన్నీ చెడతాయి, అది నికోటిన్ లేమి. రెండు నుంచి నాలుగు వారాల్లో దిగులు, గాభరా అంకెలు క్రమంగా దిగాలి, నిద్ర కుదుటపడాలి. దిగకుండా రెండు వారాల తర్వాత ఇంకా పెరుగుతుంటే, లేదా తిండి మీద, మనుషుల మీద ఆసక్తే పోతే, అది వేరే సంగతి. ఆ నోటుబుక్కు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళు. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా తెల్లారేదాకా ఆగకు. 14416కు ఫోన్ చెయ్, అది మనసు బాధలకు ప్రభుత్వం నడిపే టెలి మానస్ హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. నాకూ చెయ్, ఎంత రాత్రయినా.

మధ్యలో ఒకటి కాల్చేస్తే ప్యాచ్ పీకి పారెయ్యకు, మర్నాడు కొత్తది అంటించి సాగించు. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356, ఉచితమే.

నీ పెదనాన్న