సమాధానం: 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నా తేడా కనిపించకపోవడం గురించి
144 హెర్ట్జ్ (అంటే తెరపై బొమ్మను సెకనుకు 144 సార్లు మార్చగల) మానిటర్ కొన్నా ఆటలో కదలికలు పాతదానిలాగే ఉన్నాయనీ, గ్రాఫిక్స్ కార్డు మార్చాలా అనీ అడిగారు. కార్డు జోలికి ఇప్పుడే వెళ్ళవద్దు. కొత్త మానిటర్‌ను విండోస్ చాలాసార్లు 60 హెర్ట్జ్ వద్దే నడుపుతుంది కాబట్టి, సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, ఆపై అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి రిఫ్రెష్ రేట్‌ను 144కు మార్చండి. అప్పుడు ఒక్కో ఫ్రేము, అంటే ఒక్కో బొమ్మ, తెరపై 16.7 మిల్లీసెకన్లకు బదులు 6.9 మిల్లీసెకన్లే నిలుస్తుంది. మౌస్ బాణాన్ని గుండ్రంగా తిప్పినా తేడా తెలిసిపోతుంది. జాబితాలో 144 అసలు లేకపోతే కేబుల్‌ను, పోర్టును అనుమానించాలి: 1440పీ (2560×1440 చుక్కల) తెరను ఆ వేగంతో నడపడానికి హెచ్‌డీఎంఐ 1.4 రకం కనెక్షన్ చాలదు, డిస్‌ప్లేపోర్ట్ 1.2 రకం సరిపోతుంది. ఆట సెట్టింగ్స్‌లో ఫ్రేమ్ పరిమితి 60 వద్ద ఉంటే దానినీ తీసివేయండి.