ఏ విషయానికి పేజీ రాయాలి: మేనకోడలికి లేఖ

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

తెలుగు వికీపీడియాలో రాయదలచిన విషయాలంటూ నువ్వు పంపిన జాబితా చదివాను. గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనుల భాషకు చేసిన కృషి, నౌపడా చిన్న రైలు, బరంపురంలో అమ్మవారికి జరిగే ఠాకురాణి యాత్ర, మన వీధి రామమందిరం, మీ తాతగారి నాటక సమాజం అన్నీ నీకు సమానంగా ప్రియమైనవే అయినా, అన్నిటికీ విడివిడిగా పేజీలు నిలవవు.

అక్కడ ‘విషయ ప్రాముఖ్యత’ అనే మాటకు గొప్పతనమని అర్థం చెప్పుకోకు. ఆ విషయంతో సంబంధం లేనివారు నమ్మదగిన పుస్తకంలోనో పత్రికలోనో దాన్ని గురించి వివరంగా రాశారా అన్నదే ప్రశ్న. ఏదో వార్తలో ఒక్కసారి పేరు కనబడితే చాలదు. సంస్థ తాను వేసుకున్న కరపత్రమూ, శిష్యులు తెచ్చిన సన్మాన సంచికా ఎంత నిజాయితీగా రాసినవైనా స్వతంత్రమైన ఆధారాలు కావు.

ఇది నాకు బాధపడితేగాని తెలియలేదు. నాకు అక్షరాలు దిద్దించిన గురువుగారి మీద పేజీ రాశాను. కొన్ని వారాలకే దాన్ని తొలగించాలని ప్రతిపాదించారు. చర్చా పేజీలో కోపంగా వాదించి, చివరకు ఆధారాల కోసం వెతికితే, నా జ్ఞాపకం తప్ప మరేమీ దొరకలేదు. చదివేవారు సరిచూసుకోలేని దాన్ని వారి ముందు పెట్టడం తప్పేనని అప్పుడు ఒప్పుకున్నాను.

అయితే ఆంధ్ర, ఒడిశాల మధ్యనున్న మన సరిహద్దు ప్రాంతం సంగతి కొంత వేరు. తెలుగులో ఆధారం కనబడనంత మాత్రాన అసలు లేదని తేల్చేయకూడదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మనం మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లావాళ్ళం. కాబట్టి మన చరిత్ర కొంత నాటి ఇంగ్లీషు జిల్లా మాన్యువల్‌లో, కొంత పాత తెలుగు పత్రికల్లో, ఆ తరువాతది చాలావరకు ఒడియాలో ఉంది. ఆధారం ఏ భాషలోనైనా ఉండవచ్చు, నెట్‌లో లేని అచ్చు పుస్తకమూ చెల్లుతుంది. వెతికేటప్పుడు పర్లాకిమిడి అనీ పారలాఖెముండి అనీ, బరంపురం అనీ బ్రహ్మపుర అనీ రెండు పేర్లతోనూ వెతుకు. ఒక్క పేరుతో వెతికి నిరాశపడి వదిలేసినవాళ్ళను నేను చూశాను.

ఈ లెక్కన రామమూర్తి గారి గురించి సందేహమే లేదు. 1931లో వెలువడిన ఆయన సవర వ్యాకరణం మీద ఇతర పండితులు రాశారు. 1900లో నౌపడా నుంచి మొదలై 1931కి గుణుపురం చేరిన చిన్న రైలు మార్గానికి రైల్వే చరిత్రల్లో చోటుంది. రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణి యాత్రను ఒడియా పత్రికలు వివరంగా రాస్తాయి. రామమందిరానికి విడి పేజీ వద్దు. ఆధారం దొరికితే పట్టణం పేజీలో రెండు వాక్యాలు చేర్చు.

నాటక సమాజం విషయంలో మాత్రం తొందరపడకు. అమ్మమ్మ పెట్టెలోని కరపత్రాల మీద ప్రదర్శనల తేదీలు ఉంటాయి. అవి ఆధారాలుగా పనికిరాకపోయినా, ఏ నెల పత్రికలు తిరగేయాలో చెబుతాయి. ఆ తేదీలు రాసి పంపు, ఒడియా పత్రికలు నేను చదివి పెడతాను.

మీ మామయ్య