శక్తి ‘వలస’ పోతుందా? ఎంజైము దేనికి అతుకుతుంది?

సందేహం: ఆదోనిలో డిగ్రీ విద్యార్థులకు రసాయనశాస్త్రం చెబుతాను. పాలిమర్ల పాఠం తెలుగులో రాస్తూ ‘పాలిమర్‌లో శక్తి వలస వెళ్లిపోతుంది’, ‘ఎంజైమును ఘనతలం మీద అంటిస్తారు’ అని రాశాను. ‘వలస అంటే సుగ్గికి పోవడమే కదా సార్’ అని పిల్లలు నవ్వారు. ఈ మాటలు మార్చాలా?

సమాధానం: ‘వలస’ను అలాగే ఉంచండి. ఆదోని, కోసిగి వైపు పిల్లలు ఆ మాటకు సుగ్గినే, అంటే కోతల కాలంలో కూలికి ఊరు దాటి పోవడాన్నే, తలుచుకోవడం సహజం. అందులో తప్పూ లేదు. గుంటూరు వైపు మిరపకోతలకు పోయినవాళ్లు ఒక చేను నుంచి ఇంకో చేనుకు మారతారు, తిరిగీ వస్తారు. చిన్న అణువులు గొలుసులా కలిసి ఏర్పడే పాలిమర్‌లో శక్తి నడకా దాదాపు అలాంటిదే.

పాలీవినైల్ నాఫ్తలీన్‌ను తీసుకోండి. దాని గొలుసు పొడవునా నాఫ్తలీన్ సమూహాలు వేలాడుతుంటాయి. ఒకటి కాంతిని పీల్చుకుని ఉత్తేజితమైతే ఆ శక్తి పక్కదానికి, అక్కణ్నుంచి ఇంకోదానికి పోతుంది. దానికి ఒక దారంటూ ఉండదు, వచ్చిన చోటికే మళ్లీ పోనూవచ్చు. మధ్యలో ఆంత్రసీన్ లాంటి తక్కువ శక్తిస్థాయి గల సమూహం తగిలితే అక్కడ చిక్కుకుంటుంది. అప్పుడు కాంతిని పీల్చుకున్నది నాఫ్తలీన్ అయినా వెలిగేది ఆంత్రసీన్. నాఫ్తలీన్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

మీ వాక్యాన్ని చెడగొట్టింది ‘వెళ్లిపోతుంది’. అది చదివితే శక్తి పాలిమర్‌నే వదిలేసిందనిపిస్తుంది. ‘పాలిమర్ గొలుసు వెంట శక్తి వలస పోతుంది’ అనండి, సరిపోతుంది. ‘వలస జరుగుతుంది’ అని మాత్రం రాయకండి. అన్నిటికీ ‘జరుగుతుంది’ తగిలించే జబ్బు మన పాఠ్యపుస్తకాలకు ఎప్పటినుంచో ఉంది.

‘బదిలీ’ అంటే పోలేదా అని అడిగేవాళ్లుంటారు. ఆ మాట వేరే పనికి కావాలి. ఒక సమూహం నుంచి మరోదానికి వేసే ఒక్క అడుగు బదిలీ. ఒకే రకం సమూహాల మధ్య అలాంటి అడుగులు వరసగా పడితే వలస. నాఫ్తలీన్ నుంచి ఆంత్రసీన్‌కు పడే చివరి అడుగు బదిలీయే. రెండింటినీ కలిపేస్తే పరీక్షలో పిల్లలకే టెన్షన్.

రెండో వాక్యంలో మాత్రం మాట మార్చాలి. బీడీనీ పొయ్యినీ కూడా ‘అంటిస్తాం’ కదా! అంతకన్నా ముఖ్యం విభక్తి. ఎంజైమును, అంటే రసాయన చర్యను వేగిరపరిచే ప్రొటీన్‌ను, ఒకచోట నిలిపే పద్ధతులు చాలా ఉన్నాయి, పద్ధతిని బట్టి ‘మీద’, ‘కి’, ‘లో’ మారతాయి. చక్కెరను విడగొట్టే ఇన్వర్టేజ్ అనే ఎంజైము బొగ్గు మీద పట్టుకున్నాక కూడా పని చేస్తుందని 1916లో నెల్సన్, గ్రిఫిన్ చూపారు. అది అధిశోషణం. బలహీనమైన ఆకర్షణలతో పైపైన కరుచుకుని ఉండటమే కాబట్టి ద్రావణంలో ఉప్పు గానీ ఆమ్లత గానీ మారితే ఊడిరావచ్చు. ఇక్కడ ‘బొగ్గు మీద పట్టి ఉంది’ అనడమే సరి. గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనంతో ఎంజైములోని అమైనో సమూహాన్నీ తలం మీది అమైనో సమూహాన్నీ కలిపితే సంయోజనీయ బంధాలు ఏర్పడతాయి. అంత తేలిగ్గా ఊడదు. అప్పుడు ‘తలానికి బంధించారు’ అనాలి. ఆల్జినేట్ జెల్ పూసల విషయంలో ఎంజైము తలానికి అతుక్కోదు, లోపల ఉండిపోతుంది. ‘జెల్‌లో ఇరికించారు’ అనండి. మీరు ‘ఘనతలం మీద’ అని అన్నిటికీ ఒకే గాటన రాస్తే ఈ తేడాలన్నీ మాయమవుతాయి.

అన్నిటికీ కలిపి శీర్షిక కావాలంటే ‘ఎంజైమును నిలపడం’ చాలు. ‘నిశ్చలీకరణ’ నాకు నచ్చదు. ఎంజైము పనే ఆగిపోయిందేమో అనిపిస్తుంది. నిజానికి ఆగేది దాని తిరుగుడే. పనయ్యాక వడకట్టి మళ్లీ వాడుకోవడానికే కదా ఈ తంటా అంతా!

ఎంజైమ్, ఎంజైము రెండూ చెల్లుతాయి. పాఠం పొడవునా ఒకటే వాడండి.