మోకాలి నొప్పి సరే, ఆ రాత్రి తలనొప్పి సంగతేమిటి?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. బెంగళూరులో ఉద్యోగం. బీపీకి టెల్మిసార్టన్ వాడుతున్నాను. ఆగస్టులో కాశ్మీర్ గ్రేట్ లేక్స్ ట్రెక్‌కు వెళ్తున్నాం. ప్రతి ఆదివారం నందిహిల్స్ ఎక్కుతున్నాను. దిగేటప్పుడు కుడి మోకాలి ముందు భాగం నొప్పి పెడుతోంది. ఏ నీ క్యాప్ కొనాలి? బ్రూఫెన్ వేసుకోవచ్చా? నిరుడు ఇంకో ట్రెక్‌లో 3,500 మీటర్ల క్యాంపులో తలనొప్పి, వాంతులు అయితే ఫ్రెండ్ ఇచ్చిన మాత్ర వేసుకుని పొద్దున్నే పైకి వెళ్లిపోయాను. ఏమీ కాలేదు.

జవాబు: మీ చివరి మాటలు చదివి భయం వేసింది. అంత ఎత్తులో తలనొప్పితో పాటు వాంతులు అయ్యాయంటే, వేరే కారణం తేలేదాకా అది ఎత్తు వల్ల వచ్చిన జబ్బు అనే అనుకోవాలి. తగ్గేదాకా ఒక్క అడుగు కూడా పైకి వేయకూడదు. ఆ మాత్ర ఏమిటో మీరు రాయలేదు. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ అయితే బాధ అణుగుతుంది గానీ ఒంటికి ఎత్తు అలవాటు కాదు, ఆపగానే జబ్బు తిరగబెట్టవచ్చు. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. నందిహిల్స్ 1,478 మీటర్లే. కాళ్లకు మంచిదే, ఎత్తుకు మాత్రం పనికిరాదు.

మీ దారి చూడండి. సోన్‌మర్గ్ సుమారు 2,700 మీటర్లు, మర్నాటి నిచ్నాయ్ క్యాంపు 3,500 దగ్గర. 3,000 దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకపోతే మేలు. అందుకే సోన్‌మర్గ్‌లో ఒక రాత్రి ఎక్కువ ఉండండి. నిచ్నాయ్ పాస్, అంటే కొండల మధ్య కనుమ, 4,000 పైచిలుకు. అది దాటి విశన్‌సర్ సరస్సుకు దిగారా, వెనక్కి రావాలంటే మళ్లీ అదే ఎక్కాలి, ముందుకెళ్తే 4,200 మీటర్ల గడ్సర్ పాస్. దిగడమే మందైన జబ్బుకు అక్కడ ముందు ఎక్కాల్సి వస్తుంది. కాబట్టి తేల్చుకోవాల్సింది నిచ్నాయ్ క్యాంపులో, పొద్దున్నే. తలనొప్పి, వికారం ఉంటే ఆగిపోండి. తగ్గకపోతే సోన్‌మర్గ్‌కు దిగండి. టెంటు బయట మడమకు బొటనవేలు ఆనించుకుంటూ పది అడుగులు తిన్నగా నడిచి చూడండి. తూలినా, ఊరికే కూర్చున్నా ఆయాసం వచ్చినా తెల్లారేదాకా చూడొద్దు. తోడు తీసుకుని వెంటనే దిగాలి.

ఎత్తు జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మామూలుగా 250 మి.గ్రా. మాత్రలో సగం, రెండు పూటలా, ఎక్కే ముందురోజు నుంచి ఇస్తాం. సల్ఫా మందులు పడనివాళ్లు ముందే చెప్పాలి. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువ వస్తుంది. మీ బీపీ మాత్ర పేరు చివర ‘హెచ్’ ఉందేమో చూడండి. ఉంటే అందులోనూ మూత్రం ఎక్కువ చేసే మందు కలిసి ఉన్నట్టే. వీటికి బ్రూఫెన్ తోడై, నీళ్లు తక్కువ తాగితే కిడ్నీలు దెబ్బతినవచ్చు. అందుకే బ్రూఫెన్ వద్దు. మోకాలికి పారాసెటమాల్ చాలు. తలనొప్పి దానితో తగ్గినా, తగ్గింది కదా అని ఎక్కొద్దు. బీపీ మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు.

ఇక మోకాలు. ముందు భాగంలో, దిగేటప్పుడే నొప్పి అంటే ఎక్కువగా చిప్ప కింద ఒత్తిడి వల్ల. చూడకుండా ఖాయంగా చెప్పలేను. నీ క్యాప్ ఏదైనా ఒకటే. రెండు ట్రెక్కింగ్ పోల్స్ తీసుకోండి, దిగేటప్పుడు కాస్త పొడవు పెంచండి. ఆరంగుళాల మెట్టు మీద నిలబడి ఒక కాలితో మెల్లగా కిందికి దిగడం పదిసార్లు చొప్పున మూడు విడతలు, వారంలో నాలుగు రోజులు చేయండి. వాపు ఉన్నా, మోకాలు పట్టేసినా ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించండి.

బయల్దేరే నెల ముందు ఈసీజీ, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), పొటాషియం రిపోర్టులతో మీ ఫిజీషియన్‌ను కలవండి. డయామాక్స్ మీకు సరిపడుతుందో లేదో ఆయనే చెప్పాలి. నిరుడు ఇచ్చిన మాత్ర పేరు ఆ ఫ్రెండ్‌ను ఇవాళే అడిగి రాసిపెట్టుకోండి.